పాటలన్నీ తాళంలో పడ్డాయి, మనవడు ఫోన్‌లోకి రావడం లేదు

తెనాలి దగ్గర ఒక ఊరి నుంచి రిటైరైన తెలుగు మాస్టారు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆయనకు 67 ఏళ్లు. పదకొండేళ్లుగా చుట్టుపక్కల ఊళ్లు తిరిగి నాట్ల పాటలు, తిరగలి పాటలు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు రికార్డు చేసుకొచ్చి, ఒక్కొక్కటే వింటూ టైపు చేసి ఇంట్లో కంప్యూటర్‌లో దాచుకున్నారు. పాడిన అమ్మల్లో చాలామంది ఇప్పుడు లేరు.

వేసవి సెలవులకు కూతురి కొడుకు వచ్చాడు. తొమ్మిదో తరగతి. డబ్బు పెట్టి కొనాల్సిన ఆట ఒకటి ఉచితంగా దొరుకుతోందని, దాన్నీ, కొనకుండానే దాన్ని నడిపించే ‘క్రాక్’ అనే ప్రోగ్రామ్‌నూ డౌన్‌లోడ్ చేశాడు. కాసేపటికి ‘విండోస్ అప్‌డేట్ అవుతోంది’ అని ఒక పెట్టె తెర మీద నిలబడింది. సాయంత్రమంతా అది అలాగే ఉంది. మర్నాడు ఉదయం చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా అర్థంకాని నాలుగు అక్షరాల తోక. ఏదీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లోనూ ‘రీడ్‌మీ’ అని ఒక ఉత్తరం: ఫైళ్లు కావాలంటే 980 డాలర్లు, 72 గంటల్లో కడితే సగానికి సగం తగ్గింపు. బ్యాకప్ కోసమని కొన్న బయటి హార్డ్‌డిస్కు ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉండేది. అందులోవీ పోయాయి.

రిపేరు షాపులో పదిహేను వేలిస్తే ప్రయత్నిస్తామన్నారు, లేదంటే ఫార్మాట్ కొట్టించుకోమన్నారు. మంచి యాంటీవైరస్ కొని ఉంటే ఇలా అయ్యేది కాదని కూడా అన్నారు. డల్లాస్‌లో ఉన్న కొడుకు ‘ఈ వయసులో మీకు కంప్యూటర్ ఎందుకు నాన్నా, అమ్మేయండి’ అన్నాడు. కూతురు పిల్లవాణ్ణి కొట్టి, సెలవులు పూర్తికాకుండానే తీసుకెళ్లిపోయింది. అప్పటి నుంచి మనవడు ఫోన్‌లోకి రావడం లేదు.

అడిగినవి మూడు. పాటలు తిరిగి వస్తాయా? ఏ యాంటీవైరస్ కొనాలి? కంప్యూటర్ మానేయాలా? అడగకుండా ఆరో పేజీలో రాసిన వాక్యం ఒకటుంది: “వాడు ‘తాతయ్యా, యాంటీవైరస్ ఆపమంటోంది, ఆపనా’ అని అడిగాడు. నేనే ‘ఆపరా, ఆట అయ్యాక మళ్లీ పెట్టు’ అన్నాను. ఈ మాట అమ్మాయికి చెప్పలేదు.”

మాస్టారూ, ముందు పాటల సంగతి చూద్దాం. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని రాశారు కదా.

మీరు వివరించిన గుర్తులను బట్టి ఇది స్టాప్ అనీ డీజేవీయూ అనీ పిలిచే రాన్సమ్‌వేర్ కుటుంబానిది. రాన్సమ్‌వేర్ అంటే ఫైళ్లకు తాళం వేసి, విప్పడానికి డబ్బు గుంజే వైరస్. ఇళ్లలో కంప్యూటర్లు వాడేవాళ్ల మీదే ఎక్కువగా పడుతుంది. క్రాకులు, దొంగ లైసెన్సు నంబర్లు పుట్టించే కీజెన్‌లు, ఉచిత యాక్టివేటర్లే దాని వాహనాలు. మీ తెర మీద కనిపించిన అప్‌డేట్ పెట్టె కూడా దాని పనే. మీరు ఓపిగ్గా కూర్చునేలా దాన్ని చూపిస్తూ, వెనక ఫైళ్లకు తాళాలు వేసుకుంటూ పోయింది.

అయితే దానికో తొందర ఉంది. డిస్కంతా త్వరగా చుట్టబెట్టాలి గనక ప్రతి ఫైలులోనూ మొదటి 150 కిలోబైట్లకే తాళం వేసి తర్వాతి దాని మీదికి పోతుంది. వర్డ్ ఫైళ్లు సాధారణంగా అంతకన్నా చిన్నవి. అవి పూర్తిగా తాళంలోకి పోతాయి. మీ ఆడియో ఫైళ్లు పెద్దవి. ఎంపీ3లో మామూలుగా వాడే 128 కేబీపీఎస్ నాణ్యతలో పాట రికార్డయి ఉంటే, 150 కిలోబైట్లంటే సుమారు పది సెకన్లు. మీ రికార్డర్ వేవ్ ఫైళ్లుగా దాచి ఉంటే ఒకటి రెండు సెకన్లకు మించదు. మిగతా పాటంతా చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది. తాళం పడిన ఫైలుకు ఒక నకలు తీసి, నకలు పేరు చివర ఆ నాలుగు అక్షరాల తోకను చెరిపేసి వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరవండి. ఎంపీ3లు చాలావరకు అలాగే మోగుతాయి. వేవ్ ఫైళ్లూ, ఫోన్లలో తీసిన వీడియోలూ అంత సులువుగా తెరుచుకోవు. వాటి కోసం మీడియా రిపేర్ అనే ఉచిత సాధనం ఉంది. అదే రికార్డర్‌తోనో అదే ఫోన్‌తోనో తీసిన మంచి ఫైలు ఒకటి నమూనాగా అడుగుతుంది. ఏం చేసినా నకలు మీదే చేయండి, అసలు ఫైలు జోలికి వెళ్లవద్దు.

టైపు చేసిన సాహిత్యం సంగతి కొంచెం కష్టం. ఈ రాన్సమ్‌వేర్ తాళం వేసేటప్పుడు తన సర్వర్ దొరికితే మీ కంప్యూటర్ కోసమే ప్రత్యేకంగా ఒక తాళంచెవి తెచ్చుకుంటుంది. నెట్ సరిగా లేక సర్వర్ దొరక్కపోతే తన దగ్గరున్న ఉమ్మడి తాళంచెవి వాడుతుంది. మీ విషయంలో ఏది జరిగిందో తెలుసుకోవచ్చు. సీ డ్రైవ్‌లో సిస్టమ్‌ఐడీ అనే ఫోల్డర్, దానిలో పర్సనల్‌ఐడీ అనే చిన్న ఫైలు ఉంటాయి. ఆ సంఖ్య చివర ‘టీ1’ అని ఉంటే ఉమ్మడి తాళంచెవి. ఎమ్సిసాఫ్ట్ అనే సంస్థ 2019 అక్టోబరులో వీటిలో కొన్నిటికి తాళం విప్పే ఉచిత సాధనం ఇచ్చింది. ‘నో మోర్ రాన్సమ్’ అనే వెబ్‌సైట్‌లో ఇలాంటివి ఒకచోట పెట్టారు. 2016లో యూరోపోల్, డచ్చి పోలీసులు, రెండు భద్రతా సంస్థలు కలిసి మొదలుపెట్టిన సైటు అది. చివర టీ1 లేకపోతే ఇప్పటికి తాళంచెవి లేదనే అనుకోవాలి. అప్పుడు కూడా తాళం పడిన ఫైళ్లను పారేయవద్దు. ఒక డిస్కులో వేసి, తేదీ రాసి, బీరువాలో పెట్టండి. నేరగాళ్ల తాళంచెవులు తర్వాత బయటపడి ఫైళ్లు తెరుచుకున్న సందర్భాలు ఉన్నాయి.

డబ్బు కట్టడం గురించి రెండుసార్లు ప్రస్తావించారు. కట్టాక తాళంచెవి ఇస్తారన్న హామీ ఎక్కడా లేదు. క్రిప్టో కరెన్సీలో కట్టాలి కాబట్టి, అది కొనిపెడతామని వచ్చేవాళ్ల చేతిలో రెండోసారి మోసపోయే ప్రమాదం కూడా ఉంది. నేనైతే కట్టను. షాపులో అడిగిన పదిహేను వేలకు మాత్రం ఒక మాట అడగండి: ‘ఏ పద్ధతిలో తెస్తారు, ఒక్క వర్డ్ ఫైలు తెరిచి చూపించాక డబ్బిస్తాను.’ ఒప్పుకుంటే ఆలోచించవచ్చు. ఒప్పుకోకపోతే పైన చెప్పిన ఉచిత పనులే చేసి చార్జీ వేస్తారేమోనని అనుమానించాలి.

కంప్యూటర్ బయట కూడా వెతకండి. మీ రికార్డర్‌లోని మెమరీ కార్డు మీద కొత్తగా ఏదీ రికార్డు చేయకుండా తీసి పక్కన పెట్టండి. కార్డు మీద చెరిపేసిన పాటలు, వాటిపైన కొత్తవి పడనంతవరకు, తిరిగి తెచ్చుకునే వీలుంటుంది. పత్రికలకు పంపిన పాటలు మీ ఈమెయిల్ సెంట్ ఫోల్డర్‌లో ఉంటాయి. డీటీపీ షాపు కంప్యూటర్‌లో మీరిచ్చిన ఫైళ్లు ఉండవచ్చు. మొదటి నాలుగేళ్లవి నోటుపుస్తకాల్లో ఉన్నాయని మీరే రాశారు. గొంతులు తిరిగి వస్తే, మాటలు మళ్లీ విని రాసుకోవచ్చు. అది పెద్ద పనే, కానీ మీకు తెలిసిన పని.

వీటన్నిటికంటే ముందు ఈరోజే చేయాల్సింది ఒకటుంది. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు, అందుకే నాకు ఆందోళనగా ఉంది. ఈ రకం రాన్సమ్‌వేర్ చాలాసార్లు ఒంటరిగా రాదు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులను, లాగిన్‌లను మూటగట్టి పంపేసే దొంగ ప్రోగ్రామ్‌ను వెంట తెస్తుంది. మీరు పెన్షన్ ఖాతా ఆ కంప్యూటర్‌లోనే చూసుకుంటున్నారు. కాబట్టి ఆ కంప్యూటర్ ముట్టకుండా, ఫోన్ నుంచి ముందు ఈమెయిల్ పాస్‌వర్డు, తర్వాత బ్యాంకుది మార్చండి. ఈమెయిల్‌లో ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ అనే సౌకర్యం వాడండి. పాస్‌వర్డు మార్చినా పాత లాగిన్ తెరిచే ఉంటే దొంగకు దారి ఉన్నట్టే. పాస్‌వర్డుతో పాటు ఇంకో గుర్తింపు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. ఖాతాలో మీరు చేయని లావాదేవీ ఏదైనా కనిపిస్తే వెంటనే బ్యాంకుకూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన నిబంధన ప్రకారం, మీరు బ్యాంకుకు తెలిపాక జరిగే నష్టం బ్యాంకుదే. డబ్బేమీ పోకపోయినా, జరిగిన దాన్ని జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయవచ్చు.

ఇక యాంటీవైరస్. షాపువాళ్ల మాట మీ మనసులో ముల్లులా దిగినట్టుంది. మీ కంప్యూటర్‌లో యాంటీవైరస్ లేకపోలేదు మాస్టారూ. విండోస్ 10తో పాటే వచ్చే డిఫెండర్ ఉంది, అప్పుడు పనిచేస్తూనే ఉంది. ఆ క్రాక్‌ను అది పట్టుకునేదో లేదో ఇప్పుడు చెప్పలేం. పట్టుకుంటుందేమోనన్న భయంతోనే ‘ముందు ఆపండి’ అని క్రాక్‌తో వచ్చిన సూచనల్లో రాశారు. ‘యాంటీవైరస్‌లు క్రాకుల్ని ఊరికే వైరస్ అంటాయి, పట్టించుకోవద్దు’ అనే మాట పిల్లలందరికీ తెలుసు. నిజంగానే కొన్నిసార్లు అలా అంటాయి కూడా. అందుకే ఆ అబద్ధం అంత సులువుగా చెల్లుతుంది. పాస్‌వర్డుతో మూసిన జిప్ ఫైలుగా ఇవ్వడం ఇంకో గుర్తు. లోపలికి తొంగిచూడకుండా స్కానర్ కళ్లకు గంతలు కట్టడమే దాని పని. ముప్పై వేల యాంటీవైరస్ కొన్నా, ఆపమన్నప్పుడు ఆపేస్తే ఫలితం ఇదే.

కొనాలా వద్దా అంటే, మీలాంటి వాడకానికి డిఫెండర్ సరిపోతుందన్నది నా అభిప్రాయం. కొనడం తప్పు కాదు. పుణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే7 లాంటి మన దేశపు కంపెనీలవీ ఉన్నాయి. ఏదైనా జరిగితే ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి ఉన్నాడన్న ధైర్యం మీకు కావాలనిపిస్తే ఆ డబ్బు వృథా కాదు. అయితే రెండు షరతులు. ఒకేసారి రెండు పెట్టుకోవద్దు. ఒకదాన్నొకటి అనుమానిస్తూ కంప్యూటర్‌ను కదలనివ్వవు. గడువు తీరాక రెన్యూ చేయకపోతే పూర్తిగా తీసేయండి. పాత బోర్డులా పడి ఉంటే మీకు కాపలా ఉన్నట్టు కనిపిస్తుంది, కొత్త వైరస్‌ల సమాచారం మాత్రం దానికి అందదు. తెర మూలన ‘5 వైరస్‌లు దొరికాయి’ అని ఊడిపడుతున్న ప్రకటనల గురించి రాశారు. అవి ఏ యాంటీవైరస్‌వీ కావు. ఏదో సైటు నోటిఫికేషన్లకు అనుమతి అడిగినప్పుడు ‘అలౌ’ నొక్కడం వల్ల వస్తున్నాయి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ఆ అనుమతి తీసేస్తే పోతాయి. అందులో ఇచ్చిన నంబరుకు మాత్రం ఫోన్ చేయవద్దు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు.

కంప్యూటర్‌ను ఏం చేయాలన్నది మీ ఇష్టం, దారులు చెబుతాను. ఏ దారిలోనైనా, అవసరమైన ఫైళ్లు బయటి డిస్కులోకి తీసుకున్నాక డిస్కు మొత్తం తుడిచి విండోస్ కొత్తగా వేయించాలి. షాపులో సీ డ్రైవ్ మాత్రమే ఫార్మాట్ చేసి డీ డ్రైవ్ ఉంచేస్తారు. పిల్లవాడు దింపిన క్రాక్ డీలోనే ఉండిపోవచ్చు. అడిగి చూసుకోండి. విండోస్ అసలైనదే వేయమనండి. ‘యాక్టివేట్ చేసిస్తాం’ అని ఉచితంగా వేసేది కూడా క్రాకే. మీది 2016లో కొన్నదన్నారు. అది విండోస్ 11కు పనికిరాకపోవచ్చు. విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విడిగా నమోదు చేసుకున్న ఇంటి వాడకందారులకు 2026 అక్టోబరు 13 దాకా పొడిగించారు. అప్‌డేట్లు ఎందుకంటారా? 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చి మన ఆంధ్రప్రదేశ్ పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా స్తంభించినప్పుడు, అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే మార్చిలో అప్‌డేట్‌తో అతుకు వేసింది. ఆ అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లే పడిపోయాయి. కొత్త కంప్యూటర్ కొనగలిగితే అదే తేలిక దారి. కొనలేకపోతే పాతదాంట్లో విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత వ్యవస్థ వేసుకుని పాటలు వినడం, టైపు చేయడం సాగించవచ్చు. మీరు యూనికోడ్‌లోనే టైపు చేస్తున్నారు కాబట్టి అక్షరాలకు ఇబ్బంది ఉండదు. అను ఫాంట్లలో పేజీమేకర్ మీద చేసిన పాత ఫైళ్లు మాత్రం అక్కడ సరిగా తెరుచుకోవు. మూడోది మీ అబ్బాయి చెప్పినట్టు మానేయడం. అతను మీ మీద బెంగతోనే అన్నాడు. కానీ మానేస్తే ఆ పాటలు విని రాయగల మనిషి ఇంకొకరు మీ ఊళ్లో ఉన్నారా?

మళ్లీ మొదలుపెడితే అలవాట్లలో నేను పట్టుబట్టేది ఒక్కటే, బ్యాకప్ డిస్కు. అది తగిలించి ఉన్నంతసేపూ కంప్యూటర్‌లో ఒక భాగమే. కంప్యూటర్‌కు పట్టిన జబ్బు దానికీ పడుతుంది. వారానికోసారి తగిలించి, నకలు తీసి, పీకేసి వేరే గదిలో పెట్టండి. రెండో డిస్కు ఒకటి కొని, మీ అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడల్లా అక్కడిదీ ఇక్కడిదీ మార్చుకుంటూ ఉంటే ఇంకా మంచిది. టైపు చేసినవి చిన్న ఫైళ్లే కాబట్టి గూగుల్ డ్రైవ్‌లోని ఉచిత 15 జీబీలో హాయిగా పడతాయి.

మనవడికి వేరే ఖాతా ఇవ్వండి, అడ్మిన్ హక్కులు లేని స్టాండర్డ్ ఖాతా. దానిలోంచి యాంటీవైరస్ ఆపాలన్నా, కొత్త ప్రోగ్రామ్ వ్యవస్థలోకి ఎక్కాలన్నా మీ పాస్‌వర్డు అడుగుతుంది. మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఆ ఖాతాకు కనిపించదు కూడా. ఇక్కడ మనవాళ్లందరం చేసే పొరపాటు ఒకటుంది. ఫార్మాట్ కొట్టినా పోకూడదని ముఖ్యమైనవన్నీ డీ డ్రైవ్‌లో పెడతాం. డీ డ్రైవ్ మామూలుగా అన్ని ఖాతాలకూ తెరిచే ఉంటుంది. పాటలు మీ డాక్యుమెంట్స్‌లో ఉంచి, బ్యాకప్‌ను నమ్ముకోండి. డీటీపీ షాపుకు విడిగా ఒక పెన్‌డ్రైవ్ పెట్టుకోండి, అందులో ఆ రోజు ఇవ్వాల్సిన ఫైలు తప్ప ఇంకేమీ వద్దు.

ఇక ఆరో పేజీ.

పిల్లవాడు అడిగాడు మాస్టారూ. ఆపే ముందు పెద్దవాళ్లను అడగమని మనం ఎంత చెప్పినా వినని వయసు అది. వాడు అడిగాడు. మీరు ఊఁ అన్నారు. మీకూ తెలియదు, వాడికీ తెలియదు. తర్వాత దెబ్బలు వాడొక్కడే తిన్నాడు. వాడు ఫోన్‌లోకి రాకపోవడానికి పాటలు పోయాయన్న సిగ్గు కారణమని మీరు రాశారు. నాకలా అనిపించడం లేదు. తాతయ్య నోరు విప్పలేదన్న బాధ అయి ఉండవచ్చు.

ఇంకో వివరం కూడా మీ ఉత్తరంలోనే ఉంది. ఆ సాయంత్రం అప్‌డేట్ పెట్టె కదలకుండా ఉందని, ఫ్యాను గోల చేస్తోందని వాడు గమనించాడు. తిడతారేమోనని చెప్పకుండా పడుకున్నాడు. ఆ క్షణమే చెప్పి ఉంటే, మీరు నెట్ తీసేసి, బయటి డిస్కు పీకేసి, కంప్యూటర్ బలవంతంగా ఆపేసి ఉంటే చాలా ఫైళ్లు మిగిలేవి. ఆ రాత్రి వాడి భయం మీకు కొన్ని పాటలను దూరం చేసింది. మర్నాడు పడిన దెబ్బలు ఆ భయాన్ని ఇంకా పెంచాయి. రేపు వాళ్లింట్లో వాట్సాప్‌లో పెళ్లి పత్రికనో, ట్రాఫిక్ చలానానో అంటూ, ఫోన్‌లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైలు వచ్చి, వాడు పొరపాటున నొక్కితే అమ్మకు చెబుతాడా?

మీ అమ్మాయితో మాట్లాడటానికి మీకు దారులున్నాయి. ఆమెకు ఒంటరిగా ఫోన్ చేసి చెబితే మీకు తేలిక, కానీ అది పిల్లవాడి దాకా ఎలా చేరుతుందో మీ చేతుల్లో ఉండదు. అల్లుడుగారి ఎదుట చెబితే మీకు చిన్నతనంగా అనిపించవచ్చు, ఆమె కూడా కొట్టినందుకు నొచ్చుకోవచ్చు. నన్నడిగితే అమ్మాయినీ పిల్లవాణ్ణీ ఇద్దరినీ కూర్చోబెట్టుకుని, వాడు వింటుండగా చెప్పడమే మంచిదంటాను. ‘వాడు నన్ను అడిగాడమ్మా, నేనే ఆపమన్నాను.’ ఈ ఒక్క వాక్యం చాలు, వివరణ అక్కర్లేదు. ఏమీ చెప్పకుండా వదిలేస్తే కాలక్రమేణా వాడు మాట్లాడవచ్చు, పండక్కి కూడా రావచ్చు. ఏదైనా చేసే ముందు మిమ్మల్ని అడగడం మాత్రం మానేస్తాడని నా భయం.

తోక చెరిపి పాటలు మోగించే పని ఒంటిచేత్తో అయ్యేది కాదు. వందల ఫైళ్లున్నాయన్నారు. వాడికి ఇంకా సెలవులున్నాయి. రమ్మని పిలిస్తే శిక్షలా అనిపించకుండా, సాయం అడిగినట్టే పిలవండి.

పర్సనల్‌ఐడీ చివర ఏముందో చూసి రాయండి. మొదట తెరుచుకున్న పాట ఏదో కూడా.